తలుపు మీద మచ్చ

మహానవమి నాడు ఆయుధపూజ జరగని ల్యాబు ఆ యూనివర్సిటీ మొత్తంలో లేదు. ఏడాదంతా మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చే ప్రొఫెసర్లు కూడా ఆ పూట తమ మైక్రోస్కోపుకు బొట్టు పెట్టించి, బొరుగులూ పుట్నాలపప్పూ పొట్లం కట్టించుకుని గానీ ఇంటికి పోరు. ప్రొఫెసర్ కుప్పుస్వామి ల్యాబులో ఈ పని అటెండరు ఏకాంబరానిది. పొద్దున్నే వచ్చి నేల కడిగాడు. పంపులకు, కంప్యూటర్లకు, ఫ్రిజ్జుకు, చివరికి చెత్తబుట్టకు కూడా గంధం పూసి కుంకం పెట్టాడు. ఆ ఏడు, అంటే 2006లో, ల్యాబుకు కొత్తగా లేజర్ వచ్చింది. దానికదే మొదటి పూజ.

"దీనికి నిమ్మకాయ కట్టప్పా ఏకాంబరం," అన్నాడు కుప్పుస్వామి. "కొత్త సామాను. వచ్చినోళ్ళంతా నోరు తెరుచుకోని సూస్తా ఉండారు. దిష్టి తగిలేస్తాది."

నిమ్మకాయ కట్టడానికి లేజర్‌కు చెవులా, కొమ్ములా? బల్ల మీద పొడుగాటి రేకు పెట్టె ఉంది, దాని మూత తెరిచి ఉంది. లోపల ఒక ఇనుప కమ్మీ మీద రూపాయి బిళ్ళంత అద్దం నిలబడి ఉంది. లేజర్ కాంతి ఆ అద్దానికి తగిలి, పక్కకు తిరిగి, అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్‌కున్న గుండ్రటి పసుపురంగు కిటికీలోకి పోవాలి. కుప్పుస్వామి ఆ కమ్మీని చూపించాడు.

"ఆ నిలబడుండేదానికి కట్టు."

"దాన్ని ముట్టగూడదని మీరే బోర్డు రాయిస్తిరి గదా సార్."

"ముట్టగూడనిది అద్దాన్నప్పా. నువ్వు కట్టేది దాని కాలికి."

ఏకాంబరం మల్లెపూల దారంతో నిమ్మకాయను కమ్మీకి బిగించి కట్టాడు. హారతి పళ్ళెం పట్టుకుని నిలబడిన నాగవేణికి ఏదో చెప్పాలనిపించింది. ఆమె రెండో ఏడు రీసెర్చ్ స్కాలరు, చిత్తూరు పక్కన చెరకు పండించే ఇంటి పిల్ల. ఆ అద్దాన్ని సరిగ్గా నిలబెట్టడానికి ఆమెకు వారం పట్టింది. కానీ సార్ మాటకు ఎదురు చెప్పడం ఆ ల్యాబులో ఎవరికీ అలవాటు లేదు. సార్ సంతకం లేనిదే పీహెచ్‌డీ లేదు. ఆమె పళ్ళెం తిప్పి హారతి ఇచ్చి, అందరితోపాటు కళ్ళకద్దుకుంది.

సెలవులు అయిపోయాక ల్యాబు తెరిచేసరికి నిమ్మకాయ ఎండి నల్లబడింది. సీనియర్ మునిశేఖర్ వచ్చీ రాగానే దాన్ని పట్టుకుని లాగాడు. దారం తెగలేదు. ఇంకోసారి గట్టిగా గుంజాడు. తెగింది.

"రవంత మెల్లగా తీయగూడదా అన్నా?" అంది నాగవేణి.

"నిమ్మకాయేమే అది. బాంబు కాదు," అని నవ్వి, కిటికీలోంచి బయటికి విసిరేశాడు.

నాగవేణి పని తేలు విషం నుంచి తీసిన ఒక పెప్టైడుతో. పెప్టైడంటే ప్రొటీనులో చిన్న తునక. దాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పంపుతో గాలి తోడేసిన చిన్న గదిలోకి పంపి, అక్కడ బంధించి, దాని మీద లేజర్ కాంతి పడేస్తారు. ఆ కాంతిలోని వేడిని తాగి తాగి, చెరకు గడ కణుపుల దగ్గర విరిగినట్టు, అది బలహీనమైన చోట్ల విరుగుతుంది. విరిగిన ముక్కల బరువులు తూచుకుంటూ పోతే ఆ పెప్టైడులో దేని తర్వాత ఏదుందో తెలుస్తుంది. కొత్త పద్ధతి. ఈ పద్ధతి చూడ్డానికే ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. వాళ్ళకు నచ్చితే ప్రాజెక్టు ఇంకో మూడేళ్ళు సాగుతుంది. నచ్చకపోతే ల్యాబుకు తాళమే.

ఆ లేజర్‌తో చిక్కేమిటంటే దాని కాంతి కంటికి కనిపించదు. ఎర్రగానో పచ్చగానో గీత గీసినట్టు పోయే లేజర్లు సినిమాల్లో చూస్తాం గదా, ఇది ఆ జాతి కాదు. పోయేటప్పుడు కనిపించదు, చప్పుడు చేయదు. తగిలిన చోట మాత్రం కాలుతుంది. అందుకే దాని పెట్టెకు మూత, మూత దగ్గర ఒక మీట పెట్టి పంపారు. మూత తెరిస్తే లేజర్ తనంతట తానే ఆగిపోతుంది. ఆగితే మళ్ళీ నిలకడకు రావడానికి అరగంట పడుతుంది. అంత ఓపిక ఎవరికుంది? సార్ చెప్పాడని మునిశేఖర్ అగ్గిపెట్టె అట్ట మడిచి ఆ మీటలో ఇరికించాడు. అప్పటినుంచీ మూత తెరిచినా లేజర్ ఆగదు. కంటికి రక్షణగా కళ్ళద్దాలు రెండు జతలు వచ్చాయి గానీ, అవి సార్ బీరువాలో భద్రంగా ఉన్నాయి. పిల్లకాయల చేతికిస్తే గీతలు పడతాయట.

నాగవేణి తన కుర్చీలో కూర్చుంది. గది ఇరుకు. కంప్యూటరు కేబుల్ పొట్టిది కాబట్టి బల్ల అక్కడే ఉండాలి, ఆమె కుర్చీ అక్కడే ఉండాలి. ఎడమ పక్క లేజర్ పెట్టె, కుడి పక్క గది తలుపు. ఆమె స్క్రీను మీదికి వంగి కీబోర్డు మీట నొక్కింది. లోపల ఎక్కడో టక్ మని చిన్న చప్పుడు. స్క్రీను మీద పెప్టైడు గీత ఒక్కటే, నిటారుగా నిలబడి ఉంది. ముక్కలు లేవు.

మళ్ళీ నొక్కింది. అదే గీత.

"పవర్ పెంచు," అన్నాడు కుప్పుస్వామి వెనకనుంచి. ఆయన ఎప్పుడూ లేజర్‌కు అవతలి పక్కనే, గోడ దగ్గరే నిలబడతాడు.

పెంచింది. విరగలేదు. ఇంకా పెంచింది. పెప్టైడు మొండికేసింది. మధ్యలో ఒకసారి వెంట్రుకలు కాలిన వాసన వచ్చినట్టయింది. పూజ నాటి సాంబ్రాణి ఇంకా గదిలో ఉందేమో అనుకుంది. మరునాడూ అదే తంతు. పవర్ ముల్లు ఎర్రగీత దగ్గరకు పోయింది. పెప్టైడు మాత్రం సార్ ముందు స్కాలర్లలాగా నోరు విప్పలేదు.

"రేపు గూడా ఇరగకపోతే కమిటీకి ఏం సూపిస్తాం? నా మొగమా?" అని కుప్పుస్వామి తలుపు ధడేలున వేసి పోయాడు.

ఆ సాయంత్రం హాస్టల్లో రూమ్మేటు పల్లవి ఆమె జడ విప్పి దువ్వుతోంది. దువ్వుతూ దువ్వుతూ చెయ్యి ఆపింది.

"ఏమే నాగవేణీ, పొయ్యి కాడ కూర్చున్న్యావా ఏమి?"

"పొయ్యి యాడుండాది నాకు?"

"మరి ఇదేంది సూడు. ఎంటికలన్నీ ముడుసుకోని పోయినాయి. కాలినట్టుండాయి."

పల్లవి ఒక పాయ ముందుకు తెచ్చి చూపింది. మెడకు కాస్త పైన, తల వెనక భాగంలో, ఒక గుప్పెడు వెంట్రుకలు చివర్లు చుట్టుకుపోయి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయి. నాగవేణి వాసన చూసింది. ల్యాబులో వచ్చిన వాసనే.

అప్పుడు ఆమెకు తట్టింది. పెప్టైడు విరగలేదు. రెండు రోజులు పవర్ పెంచుతూ పోయాం, అయినా విరగలేదు. మరి ఆ కాంతంతా యాడికి పాయ?

ఒళ్ళు చల్లబడింది. లేచి వరండాలోకి పోయింది. కొండ మీద ఘాట్‌రోడ్డు లైట్లు మెలికలు తిరిగి కనిపిస్తున్నాయి. కుడికన్ను మూసి చూసింది. ఎడమకన్ను మూసి చూసింది. రెండింటికీ లైట్లు కనిపించాయి. అయినా నమ్మకం కుదరక మళ్ళీ మూసి చూసింది. లేజర్‌తో వచ్చిన పుస్తకంలో ఆమె చదివింది. ఆ కాంతి కంటికి తగిలితే నల్లగుడ్డు మీది పొర, కోడిగుడ్డు తెల్లసొన ఉడికినట్టు తెల్లగా గట్టిపడుతుందని. చదివినప్పుడు అది పరీక్షకు చదివిన సంగతిలా ఉండింది.

"ఏమైందే? చెప్పవే," అని పల్లవి వెనకే వచ్చింది.

"నేను స్క్రీను మీదికి వంగి కూర్చుంటాను గదా, అందుకే బతికిపోయినానే," అంది నాగవేణి. పల్లవికి అర్థం కాలేదు. నాగవేణికి ఏడుపొచ్చింది.

పొద్దున్నే అందరికంటే ముందు ల్యాబుకు పోయింది. లేజర్ వేయలేదు. తన కుర్చీ దాటి కుడి పక్కకు పోయి, మోకాళ్ళ మీద కూర్చుని తలుపును చూసింది. చెక్క తలుపు, ఆకుపచ్చ పెయింటు. తాను కూర్చుంటే తల ఎక్కడికొస్తుందో సరిగ్గా ఆ ఎత్తులో, పెయింటు బుడగలు లేచి, మధ్యలో బఠాణీ గింజంత నల్ల మచ్చ. వేలు పెడితే లోతుగా దిగింది.

ఆ తలుపు తీసుకునే ఏకాంబరం టీ తెస్తాడు. ఆ తలుపు తీసుకునే అందరూ వస్తారు.

ఫ్యాక్సు కాగితం వేడికి నల్లబడుతుంది. లేజర్ తక్కువ పవర్‌లో వేసి, ఆ కాగితం ముక్కను అడ్డం పెట్టి, గోడ పక్కన నక్కి నిలబడి, కాంతి ఎక్కడ పడుతోందో ఒక్కో చోటా చూసింది. నిమ్మకాయను గుంజినప్పుడు కమ్మీ కొంచెం తిరిగింది. కాంతి పసుపు కిటికీలోకి పోకుండా దాని పక్కనున్న నున్నటి స్టీలు అంచు మీద పడి, అక్కడినుంచి ఎగిరి, తెరిచిన మూత మీదుగా, వంగిన తన తల వెనకగా తలుపు మీదికి పోయింది.

మునిశేఖర్ వచ్చి మచ్చ చూశాడు. నిమ్మకాయ గుంజింది ఆయనే, మీటలో అట్ట ఇరికించిందీ ఆయనే. తేలు కుట్టిన దొంగలా గుమ్మం వైపు చూశాడు.

"సార్‌కు చెప్పొద్దు," అన్నాడు.

"చెప్పకపోతే ఎట్లన్నా? రవంత ఎనక్కి ఆనుకోని ఉంటే నా కన్నే పోయుండేది."

"నా థీసిస్ వచ్చే నెల సబ్మిషన్‌మే. ఇప్పుడు గొడవ పెట్టుకోవద్దు. నీకు దండం పెడతాను."

అయినా ఆమె చెప్పింది. కుప్పుస్వామి తలుపు దగ్గరకొచ్చి, కళ్ళజోడు పైకి నెట్టి మచ్చను చూశాడు. ఒక్క క్షణం ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అది నాగవేణి చూసింది. తర్వాత ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఎవురికన్నా చెప్పినావా?"

"లేదు సార్."

"నీకేమన్నా అయిందా?"

"ఎంటికలు కాలినాయి సార్."

"ఎంటికలే గదమ్మా. కొండకు పోతే గుండే చేయించుకుంటారు." నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. దాంతో ఆయనకు కోపం వచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, టీ గ్లాసులతో అప్పుడే లోపలికొచ్చిన ఏకాంబరం మీద పడ్డాడు. "నిమ్మకాయ యాడ కట్టాల్నో తెలీదా నీకు? బుర్రుండాదా లేదా? లక్షల సామాను పాడుచేస్తివే!"

ఏకాంబరం చేతిలో గ్లాసులు తొణికాయి. టీ ఆయన వేళ్ళ మీదుగా కారింది. "తప్పయిపోయింది సార్," అన్నాడు. కట్టమన్నదెవరో ఆ గదిలో నలుగురికీ తెలుసు. నలుగురూ నేల చూశారు. నాగవేణికి సిగ్గేసింది. సిగ్గు కంటే భయమే ఎక్కువగా ఉంది కాబట్టి తానూ నేలనే చూసింది.

మచ్చ కనబడకుండా కుప్పుస్వామి ఒక ఏర్పాటు చేశాడు. తన గదిలోని వెంకటేశ్వరస్వామి క్యాలెండరు తెప్పించి తలుపుకు తగిలించాడు. దేవుడి పటాన్ని ఎవరూ పక్కకు జరిపి చూడరు గదా.

"కమ్మీ కింద స్క్రూ పట్టు పోయింది సార్," అంది నాగవేణి. "ఎంత బిగించినా పంపు అదురుకు తిరిగిపోతాంది. కొత్తది తెప్పించేదాకా మూతన్నా మూసుకుంటాను సార్. ఆ అట్ట తీసేస్తే—"

"మూత మూస్తే కమిటీకి లోపల ఏం కనిపిస్తాది? రేకు పెట్టె సూడ్డానికా వాళ్ళు ఢిల్లీ నుంచి వచ్చేది?"

"కళ్ళద్దాలన్నా ఇయ్యండి సార్."

"వచ్చేది ముగ్గురు, ఉండేది రెండు జతలు. వాళ్ళకే సాలకపాయ, నీకు యాడిదియ్యాల?" గుమ్మం దగ్గర ఆగి అన్నాడు. "భయపడేవాళ్ళకు ఈ సబ్జెక్టు కాదమ్మా. ఇంటికి పోయి చెరుకు కొట్టుకోవచ్చు."

ఆ రోజంతా ఆమె అద్దం సరిచేసింది. ఫ్యాక్సు కాగితం పెట్టి చూడటం, కమ్మీని వెంట్రుకవాసి తిప్పడం, బిగించడం, మళ్ళీ చూడటం. వేళ్ళకు చెమట పట్టి స్క్రూడ్రైవరు జారుతోంది. చివరికి కుర్చీలో కూర్చుని, గడ్డం స్క్రీనుకు ఆనేంత వంగి మీట నొక్కింది. పెప్టైడు విరిగింది. పెద్ద గీత కుంగిపోయి, పక్కన వరసగా చిన్నచిన్న గీతలు లేచాయి. మరో రోజైతే ఆమె ఎగిరి గంతేసేది. అప్పుడు మాత్రం మెడ వెనక చన్నీళ్ళు పోసినట్టుంది. మునిశేఖర్ చప్పట్లు కొట్టాడు. సార్ ఇంకో పది సార్లు చేసి చూడమన్నాడు. చేసింది. చివరి రెండు సార్లకు గీతలు చిన్నవయ్యాయి.

"శాంపిలు అయిపోయుంటాది," అన్నాడు మునిశేఖర్.

కమిటీ వచ్చే రోజు పొద్దున ఆమె తలుపు తీసుకుని లోపలికొచ్చి, వెనక్కి తిరిగి క్యాలెండరు చూసింది. స్వామి పాదాల కింద, తేదీల గళ్ళలో, చిన్న గోధుమరంగు తూటు. అంచులు కాలి ముడుచుకుని ఉన్నాయి.

శాంపిలు అయిపోలేదు. కమ్మీ మళ్ళీ తిరిగింది.

నిన్న తాను వంగి కూర్చోకపోతే, అని ఆలోచించడం మొదలుపెట్టి అక్కడితో ఆపేసింది. పారిపోదామనిపించింది. బస్టాండుకు పోయి చిత్తూరు బస్సు ఎక్కేస్తే ఏం చేస్తారు? నాయన అడుగుతాడు, ఎందుకొచ్చినావమ్మా అని. కనిపించని దానికి భయపడి వచ్చినానని చెప్పాలి. మళ్ళీ ఎవరూ గైడుగా ఒప్పుకోరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏడుస్తూనే మళ్ళీ కమ్మీ సరిచేసింది. బయట కారు చప్పుడయింది.

కమిటీ అంటే ముందు దర్శనం, తర్వాతే తనిఖీ. ముగ్గురూ తెల్లవారుజామునే కొండకు పోయి వచ్చారు. వాళ్ళ పెద్దాయన గుండు చేయించుకుని, తల నిండా గంధం పూసుకుని, చేతిలో లడ్డూ సంచీతో ల్యాబులోకి దిగాడు. చాలా సంతోషంగా ఉన్నాడు. మాట్లాడేదంతా ఇంగ్లీషులో. కుప్పుస్వామి వాళ్ళను లేజర్‌కు అవతలి పక్క గోడ దగ్గర నిలబెట్టాడు. పెద్దాయనకు ఒక జత, పక్కాయనకు ఒక జత కళ్ళద్దాలు స్వయంగా తొడిగాడు. మూడో ఆయన్ను కాస్త వెనక్కి నిలబడమన్నాడు. మూత తెరిచి ఉంది. కాంతి ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో వేలితో గాల్లో గీసి చూపించాడు. కాంతి ఆ వేలు చెప్పిన దారినే పోతుందన్నంత ధీమాగా చూపించాడు.

"స్టార్ట్ చెయ్యమ్మా నాగవేణీ," అన్నాడు.

ఆమె కుర్చీ దగ్గరకు పోయింది. కూర్చోబోయింది. మోకాళ్ళు వంగలేదు. ఒట్టు, వంగలేదు. అందరూ తననే చూస్తున్నారు. పంపు గుర్రుమంటోంది. ఆ అదురు కాళ్ళ కింద తెలుస్తోంది. ఆ అదురుకే కమ్మీ ఇప్పుడు ఏ పక్కకు తిరుగుతోందో ఈ గదిలో ఎవరికీ తెలియదు. తనకూ తెలియదు. అంతకు మించి భయపడటానికి ఆమెలో చోటు లేకపోయింది.

కుర్చీ వెనక్కి లాగింది. చున్నీ కొంగుతో దాన్ని తుడిచింది. ఇంటికొచ్చిన పెద్దవాళ్ళకు పీట వేసినట్టే చేసింది.

"మీరు కూర్చోండి సార్," అంది.

కుప్పుస్వామికి అర్థం కాలేదు. "ఏమి?"

"ఇంత పెద్దవాళ్ళు వచ్చినారు. మీ చేత్తో మొదలుపెడితేనే మంచిది సార్. నేను పక్కన నిలబడి మీట సూపిస్తాను."

చెడ్డ మాట ఒక్కటి లేదు. ఏ తల్లిదండ్రులైనా మా పిల్లకు ఎంత మర్యాద తెలుసో అని మురిసిపోయే మాటలే. మూడో ఆయన తమిళాయన, తెలుగు తెలుసు. ఆ మాటల్ని పెద్దాయనకు ఇంగ్లీషులో చెప్పాడు. పెద్దాయన గుండు ఊపి, గురువు చేత్తోనే కానివ్వండి, చాలా బాగుంది అన్నాడు.

కుప్పుస్వామి నవ్వుతూ రెండడుగులు వేశాడు. కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. అప్పుడు ఆయన చూపు దాని అవతల, తలుపు మీదున్న క్యాలెండరు మీద పడింది. దాని మీది తూటు మీద పడింది. నిన్న తగిలించినప్పుడు అది అక్కడ లేదు. ఆయన తూటును చూశాడు, కుర్చీలో కూర్చుంటే తన తల ఎక్కడికొస్తుందో చూశాడు. నవ్వు మొహం మీద అట్లాగే ఉండిపోయింది గానీ, కళ్ళు నవ్వడం మానేశాయి. తలుపు దగ్గర నిలబడిన ఏకాంబరం మెల్లగా పక్కకు జరిగాడు.

"కూర్చోండి సార్," అంది నాగవేణి మళ్ళీ. ఆమె గొంతు వణికింది. వినేవాళ్ళకు అది వినయంలానే ఉంది.

కుప్పుస్వామి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. కుర్చీని వదిలి లేజర్ పెట్టె దగ్గరకు పోయాడు. వంగి, మీటలోని అగ్గిపెట్టె అట్టను గోరుతో గీకి గీకి పీకాడు. అది అంత తేలిగ్గా రాలేదు. తీసి జేబులో వేసుకుని, మూత దించాడు. క్లిక్కుమంది.

"సేఫ్టీ ఫస్ట్," అన్నాడు వాళ్ళ వైపు తిరిగి. పెద్దాయన మెచ్చుకున్నాడు.

అట్ట తీయగానే లేజర్ ఆగింది కాబట్టి అరగంట వెయిట్ చేయాల్సి వచ్చింది. ఆలోగా లడ్డూ పంచారు. తర్వాత కుప్పుస్వామి కుర్చీలో కూర్చున్నాడు. ఏ మీట నొక్కాలో ఆయనకు తెలియదు, నాగవేణి చూపించింది. నొక్కేటప్పుడు ఆయన గడ్డం స్క్రీనుకు ఆనేంత వంగడం ఆమె ఒక్కతే చూసింది. మూసిన పెట్టెలో టక్ మంది. పెప్టైడు విరిగింది. గీతలు వరసగా లేచాయి. కమిటీ చప్పట్లు కొట్టింది. తర్వాత మునిశేఖర్ వాళ్ళను భోజనానికి తీసుకుపోయాడు. ఏకాంబరం లడ్డూ సంచీ మోసుకుంటూ వెనకే పోయాడు.

ల్యాబులో ఇద్దరే మిగిలారు. నాగవేణి లేజర్ ఆపి, ప్లగ్గు పీకి, పంపు కూడా ఆపింది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమయింది. కుప్పుస్వామి ఇంకా కుర్చీలోనే ఉన్నాడు.

"క్యాలెండరు సంగతి నీకు పొద్దునే తెలుసు," అన్నాడు.

"తెలుసు సార్."

"తెలిసీ నన్ను ఈడ కూర్చోమంటివి." గొంతు పెద్దది చేయబోయాడు, అది చీలింది. "అందరి ముందరా! నాకేమన్నా అయ్యుంటే?"

ఇంక ఏమైనా కానీ అనుకుంది నాగవేణి. థీసిస్ పోనీ, సంతకం పోనీ.

"నేను దినామూ కూర్చునేది ఆడే గదా సార్," అంది.

లేజర్ ప్లగ్గు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. మూత మూసే ఉంది. అయినా కుప్పుస్వామి ఆ కుర్చీలోంచి గబుక్కున లేచి, పక్కకు జరిగి నిలబడ్డాడు.